నోమ్ నుంచి అనాడిర్‌కి గంటన్నరట!

పోయిన సెమిస్టర్‌లో మేము చేసిన మినీ ప్రాజెక్టు ఏంటో చెబితే మీలో సగం మంది నవ్వుతారు. మిగతా సగం మంది "అదే టాపిక్ మేమూ చేశాం" అంటారు. రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే వాటి మధ్య దూరం ఎంతో, విమానంలో ఎంతసేపు పడుతుందో చెప్పే వెబ్ పేజీ. ఇలాంటివి నెట్‌లో వందల కొద్దీ ఉన్నాయని మాకూ తెలుసు, మా గైడ్ మేడమ్‌కీ తెలుసు. "కొత్తది కాకపోయినా పర్లేదు, డెమో మాత్రం ఆగకూడదు" అన్నారావిడ. ముగ్గురం టీమ్. కోడ్ ఒకడు, డాక్యుమెంటేషన్ ఇంకొకడు, టెస్టింగ్ నేను. టెస్టింగ్ అంటే పని లేనివాడికిచ్చే పని అని మన బ్రాంచిలో అందరికీ తెలిసిందే.

లెక్క చాలా సులువు. ప్రపంచంలో ఉన్న ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలతో ఒక ఫైలు దొరుకుతుంది. భూమి 6,371 కి.మీ. వ్యాసార్ధం ఉన్న గోళం అనుకుని, హావర్‌సైన్ సూత్రంలో ఆ అంకెలు వేస్తే దూరం వస్తుంది. దాన్ని గంటకి 800 కి.మీ. వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అని ఒక అరగంట కలిపితే ప్రయాణ సమయం. అంతే. పెద్ద పెద్ద సైట్లలో కనబడే "ఫ్లైట్ టైం" కూడా చాలావరకు ఇలాంటి లెక్కే.

హైదరాబాద్–ముంబై బాగానే వచ్చింది. విశాఖ–చెన్నై బాగానే వచ్చింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే ఆయన ఎక్కడో మంచు దేశం పేరు కొట్టి మమ్మల్ని ఇరికిస్తాడేమో అని భయమేసి, మ్యాప్‌లో ఉత్తరం కొసకి పోయి రెండు ఎయిర్‌పోర్టులు ఎంచుకున్నాను. ఒకటి అమెరికాలో అలాస్కా పడమటి తీరాన ఉన్న నోమ్. రెండోది రష్యాకి ఈశాన్యం చివర చుకోట్కాలో ఉన్న అనాడిర్. మధ్యలో బేరింగ్ సముద్రం.

దూరం 799 కి.మీ. అని వచ్చింది. సమయం గంటన్నర. హైదరాబాద్ నుంచి భువనేశ్వర్ ఎంతో దాదాపు అంతే అన్నమాట. కానీ కింద మ్యాప్‌లో గీసిన గీత చూసి ముగ్గురం పగలబడి నవ్వాం. నోమ్ దగ్గర మొదలైన ఎర్ర గీత పక్కనే ఉన్న రష్యా వైపు పోకుండా, అటు తిరిగి అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, నార్వే అన్నీ దాటుకుని, రష్యాని ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసుకుంటూ పోయి అనాడిర్ చేరింది. పక్కింటికి వెళ్లమంటే ఊరంతా ప్రదక్షిణ చేసి వచ్చినట్టు.

కారణం పెద్దదేం కాదు. నోమ్ రేఖాంశం మైనస్ 165.4. అనాడిర్‌ది ప్లస్ 177.7. తేడా తీస్తే 343 డిగ్రీలు. 180 డిగ్రీల రేఖ దాటి ఇటు నుంచి వెళ్తే 17 డిగ్రీలే. దూరం తీసే సూత్రానికి ఈ బాధ లేదు, సైన్ ఫంక్షన్‌కి గుండ్రంగా తిరిగొచ్చినా ఒకటే. గీత గీసే కోడ్‌కి మాత్రం ఆ తెలివి లేదు. ఒక 360 కలిపి సరిచేశాం. గీత బుద్ధిగా సముద్రం దాటింది. పక్క ఐటమ్‌కి పోవాల్సినవాణ్ణి, ఈ రెండు ఊళ్ల మధ్య నిజంగా విమానం ఎన్ని గంటలకుంటుందో చూద్దామని వెతికాను. అక్కడ చిక్కుకున్నాను.

విమానం లేదు.

వారానికి ఒకటని కాదు, సీజన్‌లో ఉంటుందని కాదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా తన ఆకాశాన్ని రష్యా విమానాలకి మూసేసింది, రష్యా అమెరికా విమానాలకి మూసేసింది. ఇప్పుడు నోమ్‌లో ఉన్న మనిషి అనాడిర్ వెళ్లాలంటే ఎలా? మొదట ఆంకరేజ్ వెళ్లాలి, 870 కి.మీ. అక్కణ్ణించి సియాటిల్, ఇంకో 2,300. సియాటిల్ నుంచి ఇస్తాంబుల్ దాదాపు 9,800. ఇస్తాంబుల్ నుంచి మాస్కో, 1,700 పైచిలుకు. మాస్కో నుంచి అనాడిర్, అదొక 6,200, ఒకే దేశంలోనే ఎనిమిది గంటల ప్రయాణం. అన్నీ కూడితే సుమారు 21 వేల కి.మీ. భూమి చుట్టుకొలతలో సగానికి పైనే. పైగా చుకోట్కా సరిహద్దు మండలం, విదేశీయులకి వీసా ఉంటే సరిపోదు, విడిగా పర్మిట్ కావాలి.

ఈ దారిని మ్యాప్ మీద వేసి చూశాను. అమెరికా మీదుగా, అట్లాంటిక్ దాటి, యూరప్ కొస తగిలి, రష్యా మొత్తం పడమర నుంచి తూర్పుకి. కాస్త వంకరగా ఉన్నా, అదే మేము నవ్విన గీత. మేము బగ్ అనుకుని తీసేసినదే నిజమైన దారి. సరిచేసి పెట్టినదే అబద్ధం.

ఇదే నేనీ వ్యాసంలో చెప్పదలుచుకున్నది. దూరం లెక్కలు చూపించే పేజీలు, యాప్‌లు, మనం చేసే ప్రాజెక్టులు, దూరం చూపించనీ, అభ్యంతరం లేదు. కానీ విమానమే లేనిచోట "ప్రయాణ సమయం" అని అంకె వేసి చూపించే హక్కు మనకి లేదు.

ఈ మాట అనగానే మా కోడ్ రాసినవాడు అడ్డం తిరిగాడు. వాడి వాదన వినదగ్గదే కాబట్టి పూర్తిగా చెప్తాను. "ఒరేయ్, రాజకీయాలు ఇవాళ ఒకలా ఉంటాయి, రేపు ఒకలా ఉంటాయి. భూమి ఆకారం మారదు కదా. మనం చెప్పేది భూమి గురించి. మూసేసిన ఆకాశం రేపు తెరిస్తే? అప్పుడు మన అంకే కరెక్టు." సగం ఒప్పుకున్నాను. ఆ 799 అనే అంకె లేకపోతే 21 వేల కి.మీ. తిరగడం ఎంత అన్యాయమో తెలిసేదే కాదు. అడ్డుగా ఉన్నది సముద్రం కాదు, మనుషులు అని చెప్పేది ఆ చిన్న అంకే. కానీ సమయం సంగతి వేరు. దూరం భూమిది. ప్రయాణ సమయం ప్రయాణం చేసేవాడిది. ప్రయాణమే లేనప్పుడు దానికి సమయం ఎక్కణ్ణించి వస్తుంది?

"ఎక్కణ్ణించి వస్తుందంటే, 800తో భాగిస్తే వస్తుంది" అన్నాడు వాడు. ఇక్కడే నాకు మండుతుంది.

మూసేసిన ఆకాశం అని ఊరికే అనేస్తే సరిపోదు, ఆ ఆకాశం కథ తెలిస్తే వాడు అలా అనడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సోవియట్ యూనియన్‌కి విమానాలిచ్చింది. 1942 నుంచి 1945 దాకా దాదాపు 8,000 విమానాలు ఫెయిర్‌బ్యాంక్స్‌లో సోవియట్ పైలట్లకి అప్పజెప్పారు. వాళ్లు వాటిని నోమ్ మీదుగా బేరింగ్ జలసంధి దాటించి, చుకోట్కాలో దింపి, సైబీరియా మీదుగా యుద్ధరంగానికి తీసుకుపోయారు. అంటే ఇవాళ ఒక్క విమానమూ లేని దారిలో ఎనభై ఏళ్ల కింద వేల విమానాలు పోయాయి. అదీ ఆ కాలపు ఇంజన్లతో, ఆ చలిలో.

యుద్ధం అయిపోయింది, స్నేహం కూడా అయిపోయింది. 1948లో సరిహద్దు మూసేశారు. మనకి ఇనుప తెర అనే మాట తెలుసు. అక్కడివాళ్లు దీన్ని మంచు తెర అంటారు. మూసింది రెండు దేశాల మధ్య అయినా తెగింది ఇళ్ల మధ్య. జలసంధికి అటూ ఇటూ ఉన్న యూపిక్ జనం ఒకే భాష మాట్లాడతారు, చుట్టాలు. అమెరికా వైపున్న సెయింట్ లారెన్స్ ద్వీపంలో గాంబెల్ అనే ఊరి నుంచి చూస్తే, మబ్బు లేని రోజున రష్యా కొండలు కనబడతాయి. మధ్య దూరం అరవై కి.మీ. ఉంటుందేమో. పడవలో మేనమామ ఇంటికి పోయొచ్చినవాళ్లు నలభై ఏళ్లు ఆ కొండల్ని చూస్తూ ఉండిపోయారు.

తెర కదలడం మొదలైంది 1987లో. ఆ ఆగస్టులో లిన్ కాక్స్ అనే అమెరికన్ ఈతగత్తె అమెరికాదైన చిన్న డయోమీడ్ ద్వీపం నుంచి సోవియట్‌దైన పెద్ద డయోమీడ్‌కి ఈదుకుంటూ పోయింది. రెండు ద్వీపాల మధ్య నాలుగు కి.మీ. కూడా లేదు, నీళ్లు మాత్రం మంచుగడ్డలు. మరుసటి ఏడాది, 1988 జూన్ 13న, నోమ్ నుంచి ప్రొవిడేనియాకి ఒక జెట్ విమానం వెళ్లింది. ప్రొవిడేనియా కూడా చుకోట్కాలోదే, అనాడిర్ కంటే దగ్గర, నోమ్‌కి 375 కి.మీ. లోపే. దాన్ని ఫ్రెండ్‌షిప్ ఫ్లైట్ అన్నారు. అందులో అధికారులతో పాటు యూపిక్ వాళ్లు కూడా ఉన్నారు, చుట్టాల్ని చూడ్డానికి. మా పేజీలో ఈ రెండు ఊళ్లు కొడితే 58 నిమిషాలని వస్తుంది. వాళ్లకి పట్టింది 58 నిమిషాలా, నలభై ఏళ్లా?

1989లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని జలసంధికి ఇరువైపులా ఉన్న ఆదివాసులు వీసా లేకుండా రాకపోకలు సాగించవచ్చన్నాయి. 1991లో అలాస్కా ఎయిర్‌లైన్స్ రష్యా దూర ప్రాచ్యంలోని మగడాన్, ఖబరోవ్‌స్క్‌లకి సర్వీసులు పెట్టింది, 1998లో రష్యా ఆర్థిక సంక్షోభం దెబ్బకి ఆపేసింది. 2022లో ఆకాశం మళ్లీ మూతపడింది. తెరిచారు, మూశారు, తెరిచారు, మూశారు. ఇన్నిసార్లూ హావర్‌సైన్ ఒకే జవాబు చెప్పింది.

ఇక్కడ ఒక పక్కదారి. మా ఫైల్లో ఉన్న అక్షాంశ రేఖాంశాలు చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. 1983 సెప్టెంబరు 1న ఆంకరేజ్ నుంచి సియోల్ బయల్దేరిన కొరియన్ విమానం ఒకటి దారి తప్పి సోవియట్ ఆకాశంలోకి పోయింది. దాన్ని కూల్చేశారు. 269 మంది పోయారు. అప్పటిదాకా సైన్యం కోసమే కడుతున్న జీపీఎస్‌ని సిద్ధమయ్యాక పౌర విమానాలకి కూడా ఉచితంగా ఇస్తామని ఆ నెలలోనే అమెరికా ప్రకటించింది. మన ఫోనులో నీలం చుక్క వెనకాల ఈ చావులున్నాయి. అందుకే రేఖాంశాలు ఉత్త అంకెలు అంటే ఒప్పుకోలేను.

గడియారం గొడవ ఇంకోటి. అనాడిర్ గడియారం ప్రపంచ సమయానికి 12 గంటలు ముందు. నోమ్ గడియారం వేసవిలో 8 గంటలు, చలికాలంలో 9 గంటలు వెనక. అంటే రెంటికీ 20, 21 గంటల తేడా. వేసవిలో మంగళవారం పొద్దున పదింటికి అనాడిర్‌లో ఎక్కారనుకోండి. గంటన్నరకి నోమ్‌లో దిగితే అక్కడ సోమవారం మధ్యాహ్నం మూడున్నర. మా కోడ్ దిగిన టైంలోంచి ఎక్కిన టైం తీసేసి ప్రయాణం మైనస్ పద్దెనిమిదిన్నర గంటలని చూపించింది. దీన్ని కూడా బగ్ కిందే రాసుకున్నాం, సరిచేశాం. లేని విమానానికి టైం టేబులు సరిచేసిన ఘనత మాదే.

పోనీ ఆకాశం తెరిచే ఉందనుకుందాం. అప్పుడైనా గంటన్నర నిజమా? అనాడిర్ ఎయిర్‌పోర్టు ఊళ్లో లేదు. మధ్యలో అనాడిర్ నది సముద్రంలో కలిసే వెడల్పాటి నీరు. ఎండాకాలంలో ఫెర్రీ మీద దాటాలి. చలికాలంలో ఆ నీరు గడ్డకడితే దాని మీదే రోడ్డు వేస్తారు, కార్లు పోతాయి. గడ్డకట్టీ కట్టని రోజుల్లో, కరిగీ కరగని రోజుల్లో హెలికాప్టరే గతి. పొగమంచు కమ్మితే అదీ లేదు. ఈ చివరి కొద్దిపాటి దూరం ఏ సూత్రంలోనూ లేదు.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది సఖినేటిపల్లి దగ్గర. గట్టు మీద నిలబడితే గోదావరికి అవతల నరసాపురం కనబడుతుంది. పంటు మీద దాటితే కాసేపే. వరదొచ్చి పంటు ఆపేస్తే చించినాడ బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. మా నాన్న "నరసాపురం ఎంత దూరం?" అని ఎవరైనా అడిగితే ముందు "పంటు ఉందా?" అని తిరిగి అడుగుతారు. మా ప్రాజెక్టులో లేని ఇఫ్ కండిషన్ అదే.

నోమ్ వాళ్లకి కూడా ఇది పాత పాఠమే. 1925 జనవరిలో ఆ ఊళ్లో డిఫ్తీరియా వచ్చింది. మందు కావాలి. ఓడలు రావు, సముద్రం గడ్డకట్టింది. ఆ చలిలో అప్పటి విమానాల్ని నమ్మలేక కుక్కబళ్ల మీద పంపారు. నెనానా రైలు స్టేషన్ నుంచి నోమ్‌కి 1,085 కి.మీ., ఇరవై మంది బండివాళ్లు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. ఇవాళ్టికీ నోమ్‌ని మిగతా అలాస్కాతో కలిపే రోడ్డు లేదు. అలాంటి ఊరి గురించి "గంటన్నర" అనడానికి కొంచెం బెరుకుండాలి.

ఇదంతా ఎక్కడో మంచులో ఉన్నవాళ్ల గోల, మనకెందుకు అంటారేమో. మన సీనియర్లు అమెరికా వెళ్లేటప్పుడు ఏ కంపెనీ టికెట్ కొన్నారో అడగండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే ఎయిర్ ఇండియా విమానానికి రష్యా ఆకాశం తెరిచే ఉంది. అమెరికా కంపెనీలకి లేదు. రెండు ఊళ్లూ అవే, భూమీ అదే. విమానం తోక మీద ఏ జెండా ఉందో దాన్నిబట్టి దూరం మారుతుంది. 2023 జూన్‌లో ఆ ఎయిర్ ఇండియా విమానమే ఒకటి ఇంజన్ ఇబ్బందితో మగడాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు అక్కడ చిక్కుకుపోతే, వాళ్లని తీసుకెళ్లడానికి ఇంకో విమానం ముంబై నుంచి వెళ్లింది. మగడాన్‌కి ముంబై కంటే అలాస్కా ఎంతో దగ్గర. సొంత కంపెనీ విమానమే పంపుతారు, నిజమే. కానీ అలాస్కా నుంచి అమెరికా విమానం ఒకటి పోదామన్నా దారి లేదు. ఫిన్‌లాండ్ కథ ఇంకా విచిత్రం. హెల్సింకీ నుంచి టోక్యోకి ఒకప్పుడు రష్యా మీదుగా తొమ్మిది గంటల చిల్లర. ఇప్పుడు ఉత్తర ధ్రువం మీదుగా పోయి, ఇదే బేరింగ్ జలసంధి మీదుగా కిందికి దిగి, పదమూడు గంటలు. అంటే ఏ ఊళ్ల మధ్య విమానం లేదో ఆ ఊళ్ల నడి నెత్తి మీద నుంచి ఎవరెవరో పోతున్నారు.

సాహిత్య క్లబ్బు పత్రికకి ఇదంతా ఎందుకు రాస్తున్నావని ఎడిటర్ అడక్క ముందే చెప్తాను. అనాడిర్ ఎయిర్‌పోర్టుకి ఒక రచయిత పేరు పెట్టారు, యూరి రిత్‌ఖేవ్. చుక్చీ జాతివాడు, 1930లో ఉవేలెన్‌లో పుట్టాడు, అది ఆసియా ఖండానికి ఈశాన్యం చివరనున్న ఊరు. చుక్చీ, రష్యన్ రెండిట్లోనూ రాశాడు. మంచులో చేతులు పోగొట్టుకుని చుక్చీల మధ్య ఉండిపోయిన ఒక కెనడా నావికుడి మీద ఆయన నవల ఉంది, దాని ఇంగ్లీష్ అనువాదం ఈ ప్రాజెక్టు పుణ్యమా అని చదివాను. సముద్రానికి అటువైపు మనిషి ఇటువైపు మనిషవడం దాని కథ. అలాంటి రచయిత పేరున్న ఎయిర్‌పోర్టు నుంచి సముద్రానికి అటువైపు ఒక్క విమానమూ లేకపోవడం చూస్తే ఏమనాలో తెలియదు.

సరే, ప్రాజెక్టు ఏమైందంటారా. టైం చూపించే ముందు సర్వీసు ఉందో లేదో చూద్దామని రూట్ల జాబితా కోసం వెతికాం. ఉచితంగా దొరికింది 2014 దగ్గరే ఆగిపోయిన ఫైలు. దాంతో 2022 సంగతి తెలియదు. సబ్మిషన్‌కి రెండు రోజులుంది. మావాడు "వదిలెయ్‌రా, మార్కులు పోతాయ్" అన్నాడు. డాక్యుమెంటేషన్ వాడు నా వైపు వచ్చాడు, అదీ న్యాయం కోసం కాదు, రిపోర్టులో "పరిమితులు" అనే చాప్టర్‌కి రెండు పేజీలు తక్కువయ్యాయని. చివరికి రాజీ పడ్డాం. జాబితాలో నేరుగా విమానం ఉన్న ఊళ్లకే సమయం వేస్తాం. లేనివాటికి దూరం వేసి, సమయం దగ్గర గీత పెట్టి, "నేరుగా సర్వీసు ఉందో లేదో కనుక్కోండి" అని రాస్తాం. జాబితా ఏ ఏడాదిదో కూడా కింద రాస్తాం.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ హైదరాబాద్–విజయవాడ కొట్టారు, తల ఊపారు, సంతకం పెట్టారు. నోమ్ జోలికి పోలేదు.

మొన్న జూనియర్లు అదే ప్రాజెక్టుని ముందుకి తీసుకెళ్తామని మా కోడ్ అడిగారు. ఇచ్చాం. వారం తిరక్కుండా ఒకడు మెసేజ్ పెట్టాడు, "అన్నా, మారుమూల ఎయిర్‌పోర్టులకి టైం రావట్లేదు, గీత వస్తోంది, బగ్ అనుకుంటా, తీసెయ్యమంటావా?" అని. వద్దని చెప్పాను. ఎందుకో రాసి పంపుతానన్నాను. ఇదిగో తమ్ముడూ, ఇదే అది.